బాత్రూం మందు ఎండేదాకా

నేను చేసిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. "జనం బాత్రూముల్లో గొంతుక్కూర్చుని మందు ఎండిందో లేదో చూసొచ్చేవారు" అంటుంది. వినడానికి ఏమంత గొప్పగా ఉండదు గానీ, అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

ఇప్పుడు మీరు గొట్టం బిగించి, మీట నొక్కి, సీలెంటు అని ముద్దుగా పిలుచుకుంటున్నారు. డెబ్బైలలో నేను విజయవాడలో పనిలో చేరేనాటికి ఆ మాట ఎవరికీ తెలియదు. మద్రాసు నుంచి డబ్బాల్లో నల్లటి జిగురు ముద్ద వచ్చేది. గోడా గచ్చూ కలిసేచోట సందు ఉంటుంది కదా, అందులో కూరడానికి. జనం దాన్ని 'మందు' అనేవాళ్ళు. "మందు పెట్టించారా? పెట్టించాం. పట్టిందా? పట్టలేదు." ఆ 'పట్టలేదు' అనే కబురు రాగానే సంచీ తీసుకుని బస్సెక్కడం నా ఉద్యోగం. అమ్మేవాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళకి దండలు, నాకు తిట్లు.

మా మేనల్లుడి కొడుకు ఈ మధ్య ఇదే పనిలో చేరాడు. వాడి కోసమూ, వాడిలాంటి వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. జీతాలూ ప్రమోషన్లూ నన్ను అడగొద్దు. అవి ఎవరి గీతను బట్టి వాళ్ళకి వస్తాయి.

కుంపటి

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకోండి. మందు పెట్టడం పని కాదు. పెట్టినదాన్ని ఎండనివ్వడం పని. పెట్టడం ఓపిక లేనివాడికీ వస్తుంది.

బెజవాడ గాలి సంగతి మీకు తెలుసు. ఒకపక్క కృష్ణ, ఊరి మధ్యలోంచి కాలువలు. వానలు మొదలయ్యాక ఉతికిన పంచె రెండో రోజుకి కూడా చల్లగానే తగులుతుంది. అలాంటి ఊళ్ళో గోడ మూలన కూరిన ముద్ద తొందరగా ఎండమంటే ఎలా ఎండుతుంది?

బస్టాండు దగ్గర ఒక లాడ్జీ ఆసామి తన తెలివితో ఎండబెట్టాడు. బాలింత గదిలో పెట్టినట్టు బొగ్గుల కుంపటి బాత్రూంలో పెట్టి, కిటికీ మూసి, తలుపు బిగించాడు. తెల్లారేసరికి పైన నిగనిగలాడుతూ గట్టిపడింది. ఆయన సంబరపడి గదులు అద్దెకిచ్చేశాడు. నేను వెళ్ళి వేలితో నొక్కితే వేయించిన అప్పడంలా పెళపెళమని విరిగింది. పైపొర కింద అంతా పచ్చి ముద్దే.

"చూడండి, మీ మందు ఎంత నాసిరకమో" అన్నాడు ఆసామి.

"మందుది తప్పు లేదండీ. దాని పీక మీరు నొక్కేశారు" అన్నాను. నాకు నోరు కొంచెం ఎక్కువే. "దానికి కావలసింది గాలండీ. సెగ పెడితే పైన తోలు కట్టేస్తుంది, లోపలి తడి బయటికి రావడానికి దారుండదు. పైగా మూసిన గదిలో బొగ్గులు పెట్టారు. ఆనుకున్న గదిలో ఎవరైనా పడుకుని ఉంటే ఆ బొగ్గుల గాలికి ఏమయ్యేది?"

ఆయన మొహం పాలిపోయింది. ఆ తరవాత మా కంపెనీ డబ్బాలకి ఆయన్ని మించిన ప్రచారకుడు లేడు. ఎవరింట్లో బాత్రూం కడుతున్నారన్నా వెళ్ళి, "కుంపట్లు గింపట్లు పెట్టకండి, కిటికీ తీసి ఉంచండి" అని చెప్పి వచ్చేవాడు.

కాబట్టి పైన చూసి మోసపోకండి. బొటనవేలితో నొక్కండి. లోపలికి దిగితే ఇంకా పచ్చి అని లెక్క. వేలికి అంటుకోకపోయినంత మాత్రాన ఎండినట్టు కాదు. ఒకేసారి లావుగా కూరకండి, పల్చగా పెట్టి, అది ఎండాక ఇంకో పొర పెట్టండి. ఇవన్నీ డబ్బా మీద కూడా రాసి ఉండేవి. డబ్బా మీద రాసింది చదివే అలవాటు మన వాళ్ళకి ఎప్పుడూ లేదు.

శేషగిరిరావు గారు

మా బ్రాంచి మేనేజరు శేషగిరిరావు గారు. ఇస్త్రీ నలగని చొక్కా, నోట్లో వక్కపొడి. మనిషి మంచివాడే గానీ ఫిర్యాదంటే ఆయనకి పంటినొప్పి. ఎంత తొందరగా ఊడబెరికితే అంత సుఖం.

నేను చేరిన కొత్తలో ఆయన ఒక మంచి మాట చెప్పారు. "దేవదానం, ఫిర్యాదు చేసినవాళ్ళ ఇంటికి వెళ్ళగానే నోరు విప్పకు. ముందు కాసేపు కూర్చో. ఆ ఇల్లు ఎలా నడుస్తోందో చూడు. తరవాత మాట్లాడు." ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన చెప్పిన మాట ఆయనే మరిచిపోయేవారు. ఎవరైనా పట్టలేదంటే చాలు, "ఇంకో పొర వేయించెయ్, పని అయిపోతుంది" అనేవారు. ఎండని ముద్ద మీద మళ్ళీ ముద్ద పెడితే రెండూ ఎండవు. ఈ ముక్క ఆయన ఎదురుగా ఎన్నిసార్లు అన్నానో. విని నవ్వేవారు, మళ్ళీ అదే చెప్పేవారు.

దేవుడి గది గోడ

ఇక అసలు కథకొస్తాను. నేను ఈ ఉద్యోగం ఎందుకు చేశానో నాకు తెలిసింది ఆ ఇంట్లోనే.

కూచిపూడి దాటాక కాలువ గట్టు మీద ఒక ఊరు. అక్కడ వీరరాఘవయ్య గారని పెద్ద రైతు. ఆయన భార్య సీతారావమ్మ గారు పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది గానీ పూర్వంలా నడవలేరు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలరు, అంతే. స్నానమంటే అప్పట్లో అందరికీ పెరట్లోనే, తాటాకు దడి చాటున. ఆవిణ్ణి ఇద్దరు పట్టుకుని అక్కడికి మోసుకెళ్ళాలి. వానొస్తే అదీ లేదు, మంచం పక్కన చీర అడ్డం కట్టి కోడలు ఒళ్ళు తుడిచేది. చుట్టూ పది మందిని పెట్టుకుని బతికిన మనిషి, తన స్నానం సంగతి ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవాల్సి రావడం ఆవిడకి చచ్చినంత పనయ్యేదట.

కోడలు భారతి పట్టుబట్టి అత్తగారి గది పక్కనే బాత్రూం కట్టించింది. ఇంటి లోపల బాత్రూం ఏమిటని పెద్దాయన చాలా గొడవ చేశారు. ఎందుకంటే దాని అవతలి గోడ దేవుడి గదిది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. వరలక్ష్మీ వ్రతం నాటికి దేవుడి గోడకి చుక్క తడి కనిపించినా సరే, బాత్రూం తలుపు పీకించి ఇటుకలతో మూయించేస్తానన్నారు. అన్న మాట తప్పే మనిషి కాదని ఊరంతా చెప్పారు.

ఆషాఢంలో మా మందు పెట్టారు. అది ఎండేదాకా బాత్రూం వాడొద్దని మేస్త్రి చెప్పాడు. శ్రావణం వచ్చేసరికి దేవుడి గదిలో గోడ అడుగున సున్నం పొక్కులు లేచింది.

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. పెద్దాయన అరుగు మీద పడక కుర్చీలో ఉన్నారు.

"ఏమయ్యా, మందబ్బాయివి నువ్వేనా? పేరేమిటి?"

"దేవదానం అండీ."

ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం నాకు కొత్త కాదు. అలాంటి ఇళ్ళలో నేను బాత్రూం వైపు నుంచి చూసి, దేవుడి గది వైపు సంగతి వాళ్ళు చెబితే వినేవాణ్ణి. చెప్పులు విడిచి అరుగు కిందే నిలబడ్డాను.

"అక్కడ నిలబడితే గోడ ఎలా కనబడుతుంది? కాళ్ళు కడుక్కుని లోపలికి రా" అన్నారు. తనే ముందు నడిచి దేవుడి గదిలోకి తీసుకెళ్ళారు. గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నారు. తడి గోడ తడుముతూ నేను లోలోపల ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు రాయడానికి సిగ్గేమీ లేదు.

బాత్రూంలోకి వెళ్ళి మూలన నొక్కి చూశాను. బొటనవేలు సగం దిగింది. పెట్టి నెల దాటింది. కిటికీ తీసే ఉంది, గాలి బాగా ఆడుతోంది. గచ్చు పొడిగానే ఉంది. ఎండకపోవడానికి కారణం కనబడదు.

"ఇందులో ఎవరైనా స్నానం చేశారాండీ?" అని అడిగాను.

భారతి అడ్డంగా తల ఊపింది. "ఒట్టండీ. ఎవరూ చెయ్యలేదు."

పక్క గదిలో మంచం మీంచి సీతారావమ్మ గారు అందుకున్నారు. "నన్ను అనుమానిస్తున్నావేమో బాబూ. నేనింకా ఆ గడపే దాటలేదు. ఎండితే చాలు, అప్పుడు దాటొచ్చని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను."

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఇటుకలు కట్టేస్తారనే భయం.

ఆఫీసుకొచ్చి చెబితే శేషగిరిరావు గారు అలవాటు ప్రకారం, "ఇంకో పొర వేయించెయ్" అన్నారు. నేను వెయ్యనన్నాను. "నీకు మన కంపెనీ డబ్బా అమ్ముడుపోవడం ఇష్టం లేదా?" అన్నారు.

"మీరు చెప్పిన పనే చేస్తానండీ. వెళ్ళి కాసేపు కూర్చుంటాను. మీరు చెప్పిందే కదా" అన్నాను.

ఆయన వక్కపొడి నమలడం ఆపి నా వంక చూశారు. "నేనెప్పుడు చెప్పాను?" అన్నారు గానీ, వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

చీపురు

అంతకుముందు నేను వెళ్ళింది మధ్యాహ్నం బస్సుకే. ఈసారి మొదటి బస్సెక్కాను. శుక్రవారం. నేను వీధి గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇల్లంతా జలజలమంటోంది.

భారతి చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఇల్లు కడుగుతోంది. బిందెలతో నీళ్ళు కుమ్మరించి, పుల్లచీపురుతో ఊడుస్తోంది. శుక్రవారం శుక్రవారం కడగడం ఆ ఇంటి ఆనవాయితీ. శ్రావణం కాబట్టి మంగళవారం కూడా. గచ్చు మీద నీళ్ళు తళతళలాడుతూ ఒక వరసలో పరుగెడుతున్నాయి. ఎటు పోతున్నాయా అని చూశాను. హాలు దాటి, అత్తగారి గది దాటి, నేరుగా కొత్త బాత్రూంలోకి.

నేను ఆ నీళ్ళ వెంబడే రెండడుగులు వేశాను.

ఆమె నన్ను చూసి నవ్వింది. "రండి. జాగ్రత్తండీ, జారుతుంది. మా మేస్త్రి ఎంత మంచి పని చేశాడో చూడండి. బాత్రూం కట్టినప్పుడు ఇంట్లో గచ్చు కూడా మళ్ళీ వేసి, గడప కింద కంత వదిలి, వాలు అటు పెట్టాడు. ఇంతకుముందైతే ఈ నీళ్ళన్నీ వీధి గుమ్మం దాకా ఊడవాలండీ, నడుం పడిపోయేది. ఇప్పుడు చీపురు చూపిస్తే చాలు, అవే పోయి తూములో పడతాయి."

"భారతి గారూ, బాత్రూంలో నీళ్ళు పడకూడదని చెప్పారు కదండీ?"

"పడలేదు కదండీ. ఎవరం స్నానం చెయ్యలేదు" అంది. అంటూనే చేతిలో చీపురు వంక చూసుకుంది. ఆ నీళ్ళ వంక చూసింది. నవ్వు అలాగే ఆగిపోయింది.

ఆమె అబద్ధం ఆడలేదు. మేమే తప్పు ప్రశ్న అడిగాం. బాత్రూం వాడొద్దంటే ఆ ఇంట్లో స్నానం చెయ్యొద్దని అర్థం. ఇల్లు కడిగిన నీళ్ళు వాడకం కిందికి రావు, అవి బయటికి పోయే నీళ్ళు. వారానికి రెండుసార్లు ఆ మూల తడిసి ముద్దవుతోంది. మధ్యాహ్నానికి పైన గచ్చు ఆరిపోతోంది, సందులో మాత్రం నీళ్ళు నిలిచిపోతున్నాయి. ఇక మందు ఎక్కడ ఎండుతుంది, గోడను ఎక్కడ పట్టుకుంటుంది?

"మావయ్యగారికి చెప్పకండి" అంది భారతి మెల్లగా. "నేను కట్టించిందాన్ని నేనే పాడుచేశానంటారు. పట్టుబట్టింది నేనే కదండీ."

చెప్పనక్కర్లేకపోయింది. పెద్దాయన దేవుడి గది గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో మేం చూడలేదు.

"ఏమిటమ్మా సంగతి?" అన్నారు.

భారతి తల దించుకుంది. అప్పుడు మంచం మీంచి మాట వినబడింది. "నీళ్ళు అటు ఊడవమని చెప్పింది నేనే. పిల్ల నడుం విరిగిపోతోందని చెప్పాను. అనేదేదో నన్ను అనండి."

అది నిజమో కాదో నాకు ఈరోజుకీ తెలియదు. భారతి చటుక్కున తలెత్తి అత్తగారి వైపు చూసిన చూపుని బట్టి కాదనే అనుకుంటాను. పెద్దాయన మాత్రం ఆ మాటని తరచలేదు. నా వైపు తిరిగారు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెట్టినదంతా గీకి తీసెయ్యాలి. సందు ఉత్తినే వదిలి గాలికి ఎండనివ్వాలి. అది పూర్తిగా ఎండాక పల్చగా ఒక పొర, అది ఎండాక ఇంకో పొర. అప్పటిదాకా ఆ మూలకి నీటిబొట్టు తగలకూడదు.

"వ్రతం ఎప్పుడో తెలుసా నీకు?"

"తెలుసండీ. పై శుక్రవారం. అప్పటికి అవదండీ."

"ఆరోజు ఇల్లు కడక్కపోతే ఎలా? పేరంటాళ్ళు వస్తారు."

"కడగండి. కానీ గచ్చు వాలు అటే ఉంది. ఎక్కడ పోసినా అక్కడికే చేరతాయి."

పక్క గదిలో మంచం కిర్రుమంది. గోడకి ఆనించిన కర్ర కోసం ఆవిడ చెయ్యి చాపి, అందక వదిలేయడం తలుపు సందులోంచి కనబడింది. పెద్దాయన కూడా చూశారు. వెళ్ళి కర్ర తీసి ఆవిడ చేతికిచ్చి వచ్చారు.

"తడిగుడ్డ పెట్టి తుడిస్తే అమ్మవారు రానంటుందా?" అన్నారు. ఎవరినీ చూడకుండా అన్నారు. "గీకెయ్యవయ్యా."

గడప మీద కుర్చీ

వ్రతం రోజున వెళ్ళడం నా ఉద్దేశం కాదు. సందు ఎలా ఎండుతోందో చూడటానికి వెళ్ళాలి, అది ఆ శుక్రవారమే పడింది. పై శుక్రవారమని నా నోటితోనే చెప్పినా, మా ఇంట్లో ఆ పండగలు లేవు కాబట్టి బస్సెక్కేటప్పుడు గుర్తుకు రాలేదు. ఇల్లంతా పేరంటాళ్ళు, పట్టుచీరలు, పసుపు కాళ్ళు. నేల మీద తడిగుడ్డ పెట్టి తుడిచిన గుర్తులున్నాయి. నీటిచుక్క లేదు.

లోపలికి వెళ్ళి చూద్దును కదా, వీరరాఘవయ్య గారు తన పడక కుర్చీ తెచ్చి బాత్రూం గడపకి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. చేతిలో పేపరు. పేపరు చదవడం లేదు, వచ్చేపోయే వాళ్ళని చూస్తున్నారు.

ఎవరో ముసలమ్మ చేతిలో చెంబుతో వచ్చింది. "కాస్త జరుగు అన్నయ్యా, కాళ్ళు కడుక్కుంటాను."

"పెరట్లో గాబు ఉంది, అక్కడ కడుక్కో చెల్లెమ్మా."

"ఇంట్లో ఇంత బాత్రూం పెట్టుకుని పెరట్లోకి పొమ్మంటావేం?"

"ఇది మీ వదినది. ఆవిడ ఇంకా వాడలేదు. ఆవిడ వాడాకే ఎవరైనా" అన్నారాయన.

నన్ను చూసి కుర్చీ జరిపి దారిచ్చారు. "చూసి చెప్పండి దానం గారూ. పొద్దున్నించి కాపలా కాస్తున్నాను" అన్నారు. ఆ రోజు దాకా నన్ను 'ఏమయ్యా' అన్న మనిషి. ఆ 'గారు' నాకు కంపెనీ ఎన్నడూ ఇవ్వని బహుమానం.

సందు పొడిగా ఉంది. వేలు పెడితే గరుగ్గా తగిలింది. ఆ తరవాతి సోమవారం మొదటి పొర పెట్టాను, అది గట్టిపడ్డాక రెండోది. రెండు పొరలూ నేనే పెట్టాను, మేస్త్రిని ముట్టుకోనివ్వలేదు. శేషగిరిరావు గారు ఎన్ని బస్సు చార్జీలయ్యా అని గొణిగారు గానీ, అన్నీ ఇచ్చారు.

మీరు ఇలాంటి ఇళ్ళకి వెళ్తారు. మందు ఎలా ఎండుతుందో కంపెనీ వాళ్ళు నేర్పుతారు. ఆ ఇంట్లో నీళ్ళు ఎటునుంచి ఎటు నడుస్తాయో మాత్రం ఎవరూ నేర్పరు. ఆ ఇంటి అలవాటు ఏమిటో, ఏ రోజు ఏం కడుగుతారో, ఎవరు ఎవరికి భయపడుతున్నారో అడిగి తెలుసుకోండి. 'వాడారా' అని అడక్కండి. 'నీళ్ళు వచ్చాయా' అని అడగండి. ఇంకా మంచిది, పొద్దున్నే వెళ్ళి చూడండి.

గడియ

భాద్రపదంలో ఒక ఉదయం బొటనవేలితో గట్టిగా నొక్కాను. దిగలేదు. గోరుతో గీకాను, గీత పడలేదు. మూల నిండా నీళ్ళు కట్టి, దేవుడి గదిలో గోడ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాం, నేనూ పెద్దాయనా. ఎంతసేపటికీ గోడ పొడిగానే ఉంది. ఆయన చెయ్యి తీసి పంచెకి తుడుచుకున్నారు, తడి లేకపోయినా.

"నీళ్ళు కాగాయా?" అని కోడల్ని కేకేశారు.

భారతి వేడినీళ్ళ బిందె లోపల పెట్టింది. పీట వేసింది. కొత్త సబ్బు విప్పింది. అత్తగారిని రెక్క పట్టుకుని గడప దాకా తీసుకొచ్చింది. అక్కడ సీతారావమ్మ గారు ఆమె చెయ్యి విడిపించుకున్నారు. గోడ పట్టుకుని తనంతట తనే గడప దాటారు. తలుపు మూసుకుంది.

మేం ముగ్గురం బయట నిలబడ్డాం. నేను వెళ్ళిపోవలసింది, బస్సుకి టైమైంది కూడా. కాలు కదల్లేదు.

పెద్దాయన ఉండబట్టలేక తలుపు దగ్గరికి వెళ్ళారు. "ఇదిగో, జాగ్రత్త. గడియ గట్రా వెయ్యకు. పడ్డావంటే లోపలికి రావడానికి ఉండదు."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"వేసుకున్నాను లెండి" అన్నారు సీతారావమ్మ గారు.